సకినాలు రెండేసి చొప్పున విరగకుండా ప్యాక్ చేసేదెలా?

మాది హనుమకొండ, ఇంట్లోనే సకినాలు చేసి అమ్ముతాం. ఇక్కడైతే లోపలి సరుకు కనిపించే కవర్లో అరకిలో వేసి సీల్ చేస్తే చాలు, నువ్వులు కనిపిస్తేనే జనం కొంటారు. ఇప్పుడు జపాన్‌లో ఉండే మా చెల్లె ఆఫీసులో పంచడానికి 40 ప్యాకెట్లు అడిగింది. అక్కడ ఊరి నుంచి తెచ్చే తినుబండారాన్ని ఓమియాగే అంటారు, పెట్టెలో ఒక్కో ముక్కకీ విడిగా కవర్ ఉంటుంది, ఎవరిది వాళ్లు తీసుకుంటారు. అందరూ చెయ్యి పెట్టే డబ్బా బాగుండదంది, అది నాకూ నచ్చింది.

మూడంగుళాల సకినాలు రెండేసి 50 మైక్రాన్ పాలిథిన్ కవర్లో పెట్టి చేతి సీలర్‌తో మూసి, హైదరాబాద్‌కి కొరియర్‌లో పంపి చూశాను. 20 ప్యాకెట్లలో 7 విరిగాయి, మిగిలినవి 9వ రోజుకి మెత్తబడ్డాయి. తర్వాత లోపల వెండి పూత ఉన్న కవర్ వాడితే 15 రోజులైనా కరకరలాడాయి కానీ మళ్లీ 6 విరిగాయి. గాలి నింపి సీల్ చేశాను, మధ్యలో బటర్ పేపర్ పెట్టాను, పిండి కొంచెం మందంగా చుట్టాను. మందంగా చుట్టినవి లోపల సరిగా వేగలేదు, రుచి పోయింది, ఆ పని మళ్లీ చేయను.

వచ్చే నెల 18న మా బావ సూట్‌కేసులో తీసుకెళ్తున్నాడు. ఇలాంటి పెళుసు పిండివంటలు పంపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, రెండు సకినాలు విరగకుండా ఉండాలంటే కవర్ లోపల ఏం పెట్టాలి?