741 ఇంటిగ్రేటర్ అవుట్‌పుట్ పది సెకన్లలో జారిపోతోంది, ఎందుకు?

తిరుపతి_ఈసీఈ:
బైరాగిపట్టెడలో మా రూమ్‌లోనే బ్రెడ్‌బోర్డ్ మీద కట్టాను. రెసిస్టర్ 10 కిలోఓమ్‌లు, కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, సప్లై ప్లస్ మైనస్ 12. ప్లస్ మైనస్ 1 వోల్టు స్క్వేర్ వేవ్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఇస్తే ట్రయాంగిల్ బాగానే వస్తోంది, కానీ మెల్లగా కిందికి జారి మైనస్ 10.5 దగ్గర గీతలా నిలిచిపోతోంది. ఇంకో ఐసీ పెడితే పైకి పోతోంది! సోమవారం ల్యాబ్ ఎగ్జామ్, టెన్షన్‌గా ఉంది. ఫార్ములా వచ్చు గానీ చిప్పు ఇంటిగ్రేషన్ ఎలా చేస్తుందో అర్థం కాలేదు.

చిత్తూరు_బెంచ్:
తమ్ముడూ, ఇంటిగ్రేషన్, అంటే ఇన్‌పుట్‌ను సమయంతో పాటు కూడుతూ పోవడం, చేసేది కెపాసిటర్. మైనస్ పిన్‌ను సున్నా వోల్టుల దగ్గర కదలకుండా పట్టుకోవడం ఒక్కటే ఆప్‌ఆంప్ (ఆపరేషనల్ యాంప్లిఫైయర్, అంటే నీ 741 చిప్పు) పని. అది అలా పట్టుకుంది కాబట్టి నువ్విచ్చే 1 వోల్టు మొత్తం 10 కిలోఓమ్‌ల మీదే పడి 0.1 మిల్లీఆంప్ పారుతుంది, పిన్ లోపలికి దాదాపు ఏమీ పోదు, ఇక ఆ కరెంటంతా కెపాసిటర్‌లోకే వెళ్లాలి. మిద్దె మీద ట్యాంకుకు మోటారు వేసినప్పుడు ధార ఒకేలా ఉంటే నీళ్లు ఒకే వేగంతో పెరుగుతాయి కదా, ఇక్కడ ఆ వేగం మిల్లీసెకనుకు 1 వోల్టు. అర మిల్లీసెకనుకోసారి దిశ మారుతుంది, అంటే నీ ట్రయాంగిల్ కొన నుంచి కొనకు అర వోల్టు రావాలి. కొలిచి చూడు.

జారడానికి కారణం ఆఫ్‌సెట్, అంటే ఇన్‌పుట్ సున్నా అయినా చిప్పులో ఉండిపోయే చిన్న వోల్టేజీ. 741 ఇన్‌పుట్‌లో 1 మిల్లీవోల్టు ఉన్నా దాన్నీ కూడుతూనే పోతుంది, సెకనుకు 1 వోల్టు చొప్పున. దాని గుర్తు ఐసీకీ ఐసీకీ మారుతుంది, అందుకే రెండోది పైకి పోయింది. కెపాసిటర్‌కు ప్యారలల్‌గా 100 కిలోఓమ్‌లు పెట్టు, అలా పోగయ్యేది దాని గుండా కారిపోతుంది.

పాత_సర్క్యూట్:
పెట్టాక ఒకటి గుర్తుంచుకో, సుమారు 16 హెర్ట్జ్ కంటే బాగా కింద అది ఇంటిగ్రేటర్ కాదు, పదింతల ఇన్వర్టింగ్ యాంప్లిఫైయర్. వైవాలో తప్పక అడుగుతారు. జనరేటర్ డీసీ ఆఫ్‌సెట్ కూడా సున్నా చేసుకో. 'ఆపరేషనల్' అన్న పేరు ఎందుకని అడిగితే, 1947లో రగాజ్జిని అనే ఇంజనీర్, ఇంకో ఇద్దరు కలిసి రాసిన పేపర్‌లో ఈ పేరు పెట్టారని చెప్పు. అనలాగ్ కంప్యూటర్లలో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు సాధించింది ఈ కూడికలు, ఇంటిగ్రేషన్లతోనే. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

తిరుపతి_ఈసీఈ:
అన్నా, నిలబడింది! అర వోల్టుకు దగ్గరగానే ఉంది, అరగంట అయినా కదల్లేదు. ఇప్పుడు రెసిస్టర్, కెపాసిటర్ తారుమారు చేసి డిఫరెన్షియేటర్ కట్టాను, స్పైకుల పక్కన రింగింగ్ (చిన్న చిన్న ఊగులాటలు) వస్తోంది.

చిత్తూరు_బెంచ్:
కెపాసిటర్‌కు సిరీస్‌లో 100 ఓమ్‌లు వేసి చూడు.