డీజిల్ ఎస్‌యూవీలో డీపీఎఫ్ లైట్ మళ్లీ మళ్లీ వస్తోంది, ఆయిల్ లెవెల్ పెరుగుతోంది

మాది ఏడు సీట్ల బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ, ఆటోమేటిక్. కొని 14 నెలలైంది, 11,400 కిలోమీటర్లు తిరిగింది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వెళ్లి రావడమే, అంతా ట్రాఫిక్‌లోనే.

రెండు నెలలుగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైట్ వెలుగుతోంది. మాన్యువల్‌లో చెప్పినట్టే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, 80 స్పీడులో, ఆర్‌పీఎం 2,000కి తగ్గకుండా అరగంట నడిపాను. లైట్ ఆరిపోయింది. నాలుగు రోజులకే, అంటే 120 కిలోమీటర్లు కూడా తిరగకముందే, మళ్లీ వచ్చింది. ఇలా ఐదుసార్లు. సర్వీస్ సెంటర్లో రెండుసార్లు ఫోర్స్‌డ్ రీజెనరేషన్ (ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కావాలని కాల్చేయడం) చేశారు. "సిటీ డ్రైవింగ్ సార్, మామూలే" అని పంపించేశారు. లైట్ సంగతి సరే, ఆయిల్ సంగతేంటి?

నాకు అసలు టెన్షన్ అదే. 10,000 దగ్గర ఆయిల్ మార్పించినప్పుడు లెవెల్ మ్యాక్స్ గీత కిందే ఉంది. నాలుగు రోజుల కిందట పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తుడిచి చూస్తే గీతకు వేలెడు పైన ఉంది. ఆయిల్ నీళ్లలా జారుతోంది, డీజిల్ వాసన కొడుతోంది. రీజెనరేషన్ మధ్యలో ఆగిపోయి, మసి కాల్చడానికి అదనంగా చిమ్మే డీజిల్ ఆయిల్లో కలుస్తోందని నా అనుమానం. ఇలాగే నడిపితే టర్బో, బేరింగులు పాడవుతాయేమోనని నాలుగు రోజుల నుంచి బండి తీయడమే మానేశాను. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్లే ధైర్యం లేదు.

వారంటీ ఇంకా ఉంది. ఇదే సమస్య వచ్చి బాగు చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి: మీ బండిలో చివరికి లోపం ఎందులో తేలింది, డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్‌లోనా (ఫిల్టర్ ఎంత మూసుకుపోయిందో కొలిచేది), ఇంజెక్టర్‌లోనా, డీపీఎఫ్‌లోనేనా?