గెరో సిలువ వెనక ఆ బంగారు కిరణాలు ఉంచాలా, తీసేయాలా?

చెక్కబొమ్మ: జర్మనీలో కొలోన్ కెథీడ్రల్ చూసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. అందులో ఉత్తరం వైపు చాపెల్‌లో గెరో సిలువ ఉంది. పదో శతాబ్దపు ఓక్ చెక్క, 187 సెంటీమీటర్ల క్రీస్తు. అంతకుముందు సిలువ మీద క్రీస్తుని ఎక్కువగా కళ్లు తెరిచి, రాజులా నిటారుగా చూపించేవాళ్లు. ఇక్కడ ప్రాణం పోయింది. తల వాలింది, కళ్లు మూతపడ్డాయి, పొట్ట ముందుకి జారింది, ఒంటి బరువంతా చేతుల మీదే. అంత పనితనం వెనక 1683లో చలవరాయి పీఠం, బంగారు కిరణాలు తెచ్చి తగిలించారు. తీసి మ్యూజియంలో పెట్టాలంటాను.

రైన్‌తీరం: 340 ఏళ్లుగా అక్కడున్నది నిన్న తగిలించినట్టు మాట్లాడుతున్నారే! ఇప్పుడున్న కెథీడ్రల్ కట్టడమే 1248లో మొదలైంది. సిలువ అంతకన్నా పాతది, పాత గుడిలోంచి వచ్చింది. కొత్తవన్నీ తీసేయాలంటే ముందు కెథీడ్రల్‌నే కూలగొట్టాలి మీరు.

బాతాఖానీ: పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

లెక్కలమాస్టారు: పదో శతాబ్దమని అంత తేలిగ్గా అనేస్తే ఎలా? ఇంత సహజమైన బొమ్మ అప్పటిది కాదు, ఇంకా తర్వాతదే అని వాదించిన పండితులున్నారు. 1976లో చెక్క వలయాలు లెక్కపెట్టాకే 965 ప్రాంతమని తేలింది. అదైనా చెట్టు వయసు, ఉలి వయసు కాదు.

రైన్‌తీరం: మాస్టారూ, చేయించిన అగ్రపీఠాధిపతి గెరో 976లో పోయాడు. బొమ్మ తలలో పగులు వస్తే ఆయన దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే అప్పం), క్రీస్తుని వేసిందని నమ్మే నిజసిలువ ముక్క అందులో పెట్టి ప్రార్థించాడనీ, పగులు పూడిపోయిందనీ ఆ కాలపు చరిత్రకారుడు థీట్‌మార్ రాశాడు. పదకొండో శతాబ్దం మొదట్లోనే ఆ కథ ఉందంటే సిలువ ఉన్నట్టే కదా.

లెక్కలమాస్టారు: ఏదో ఒక సిలువ ఉన్నట్టు. ఇదే అని థీట్‌మార్ ఫోటో తీసి పెట్టాడా?

చెక్కబొమ్మ: తేదీ గొడవ పక్కన పెట్టండి బాబూ. నేనడిగింది బంగారం గురించి.

రైన్‌తీరం: మీకు బంగారం పడదు, మా అత్తారింట్లో సిలువ మీద బొమ్మే పడదు. పెళ్లయిన కొత్తలో గోడ మీద నా సిలువ స్వరూపం తీసి బీరువాలో పడేశారు. నేను క్యాథలిక్, వాళ్లు బాప్టిస్టులు, బొమ్మ లేని సిలువే చాలంటారు. "ప్రభువు లేచాడు కదమ్మా, ఇంకా వేలాడదీస్తావేం?" అన్నారు. ఎవరి దేవుడు ఎలా కనపడాలో పక్కవాళ్లు తేల్చడం నాకు కొత్త కాదు.

చెక్కబొమ్మ: మీ అత్తగారి కోపం నా మీద చూపిస్తారేంటండీ? నేను దాని ముందు గంటసేపు నిలబడ్డవాణ్ణి.

రైన్‌తీరం: నిలబడ్డారు. నేను మోకరించాను. అదే తేడా. మీకది శిల్పం, వెనకాల బోసిగా ఉంటే ఫోటో బావుంటుంది.

బాతాఖానీ: అమ్మో.

చెక్కబొమ్మ: ఫోటో కోసమా? సరే, మొహం మీదే చెప్తాను. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. కానీ ఆ శిల్పి చావుని చావులాగే చూపించాడు, ముళ్లకిరీటం కూడా పెట్టకుండా. దాన్ని చూడ్డానికి భయమేసి జనం వెనక బంగారం పోశారు. మా ఇంట్లోనూ అంతే, పోయినవాళ్ల ఫోటోకి సీరియల్ లైట్లు పెట్టి, వాళ్లు పడ్డ బాధ గురించి ఒక్కరూ నోరెత్తరు. నాకు ఒళ్లు మండేది అక్కడ.

రైన్‌తీరం: ఇప్పుడొచ్చారు అసలు మాటకి. భయమేసి కాదండీ. క్రీస్తు శుక్రవారం చనిపోయాడు, ఆదివారం లేచాడు. ముందున్న చెక్క శుక్రవారం, వెనకున్న కిరణాలు ఆదివారం. మీరు శుక్రవారంతో ఆపేయమంటున్నారు. మా అత్తగారు ఆదివారం ఒక్కటే చాలంటుంది. నాకు రెండూ కావాలి.

చెక్కబొమ్మ: శిల్పి శుక్రవారమే చెక్కాడు. ఆదివారం ఆయన్ని అడక్కుండా 1683లో అతికించారు. నా మాట మారదు.

రైన్‌తీరం: నాదీ మారదు.

లెక్కలమాస్టారు: మారకపోతే మానె. 965 అని ఖాయంగా రాస్తే మాత్రం మళ్లీ వస్తా.