ఒకే వయొలిన్‌కి రెండు శ్రుతులు, బిరడా జారిపోతోంది

మాది విజయనగరం. మా అమ్మాయి గురువుగారి దగ్గర కర్ణాటక సంగీతం, ఆన్‌లైన్‌లో వెస్టర్న్ నేర్చుకుంటోంది. వయొలిన్ ఒక్కటే.

గురువుగారి పాఠానికి 5 శ్రుతి, అంటే లావు తీగ నుంచి వరసగా జీ, డీ, జీ, డీ (వెస్టర్న్ స్వరాల పేర్లలో). ఆదివారం వెస్టర్న్‌కి జీ, డీ, ఏ, ఈ. పై రెండు తీగలూ రెండేసి అరస్వరాలు బిగించాలి. పది నిమిషాలు వాయిస్తుందో లేదో, సన్న తీగ బిరడా (తీగ చుట్టి బిగించే పుల్ల) టక్కున వెనక్కి తిరిగి తీగ వదులైపోతుంది. వానాకాలంలో అదే బిరడా బిగుసుకుపోయి కదలదు!

సుద్దపొడి రాశాం, తీగలు మార్చాం. కింద ఉండే చిన్న స్క్రూతో అంత తేడా అందదు. షాపువాళ్లు ఇంకో వయొలిన్ కొనమంటున్నారు (వాళ్లు ఇంకేమంటారు). వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో మరో దారి లేకపోతుందా అని నా ఆశ.

వారం వారం శ్రుతి మార్చినా బిరడా జారకుండా ఉండాలంటే ఏం చేయించాలి?