మొదటి ఉద్యోగం, మిగిలేది ఐదు వేలు: చీటీ కట్టాలా, ఆర్‌డీ వేయాలా?

గుణుపురం కుర్రాడు (రాత్రి 8:40)
అందరికీ నమస్కారం. నా వయసు 23. ఆరు నెలలుగా రాయగడలో ఒక గోదాములో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 19,500 రూపాయలు వస్తుంది. గది అద్దెలో నా వాటా, మెస్సు, నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్లివచ్చే ఖర్చు, ఫోను మీద ఇంకా ఐదు నెలలు కట్టవలసిన 2,100 రూపాయల కిస్తీ పోగా ఐదు వేలు మిగులుతుంది. మా వీధిలో నాకు పిన్ని వరసయ్యే ఒకావిడ నడిపే చీటీలో చేరమని అమ్మ అంటోంది. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000, అంటే లక్ష రూపాయల చీటీ. గదిలో ఉండే మిత్రుడు నెలనెలా కొంత కట్టి చివర వడ్డీతో కలిపి తీసుకునే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) వేసుకోమంటున్నాడు. వచ్చే ఒకటో తారీఖులోగా అమ్మకు ఏదో ఒక మాట చెప్పాలి.

బరంపురం బాబు (రాత్రి 8:52)
ముందు ఆ ఫోను కిస్తీ సంగతి తేల్చుకోండి. వడ్డీ లేని కిస్తీ అని అమ్మినా, సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. రొక్కానికి కొంటే వచ్చే తగ్గింపు మీకు రాకపోవడమే అందులోని వడ్డీ.

లెక్కల మాస్టారు, జయపురం (రాత్రి 9:15)
నాయనా, ఆర్‌డీ వేసుకోండి, మరో ఆలోచన వద్దు. పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్‌డీ వడ్డీని 2023 అక్టోబరులో 6.5 నుంచి 6.7 శాతానికి పెంచారు. నెలకు వెయ్యి చొప్పున అరవై నెలలు, అంటే 60,000 కడితే, సుమారు 71,300 చేతికి వస్తుంది. వీధి చీటీలో మీకు చూపించే లాభం దీనికంటే ఎక్కువగా కనిపించవచ్చు గాని, ఆ సొమ్ముకు పూచీ ఎవరని అడిగితే, నడిపే ఆవిడ మంచితనం తప్ప మరో సమాధానం రాదు. మన ఒడిశాలో చిట్ ఫండ్ అనే మాట వింటేనే 2013 గుర్తుకు రావాలి. జనం సొమ్ము పట్టిన కంపెనీలు మునిగి, ఆ ఏడాది విచారణ కమిషన్‌ను వేయవలసి వచ్చింది. 2014 మే 9న సుప్రీంకోర్టు ఆ కేసులను సీబీఐకి అప్పగించింది. అంతటి వ్యవహారం జరిగిన నేల మీద నిలబడి మళ్లీ చీటీ అంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

వంశధార, పర్లాకిమిడి (రాత్రి 9:48)
మాస్టారూ, తమరు చదువుకున్నవారు, పిల్లలకు లెక్కలు చెప్పినవారు. అయినా చీటీకీ, ఆ కంపెనీలకూ తేడా చూడకపోవడం నాకు బాధ కలిగించింది. అప్పుడు ఒడిశాలో మునిగినవి జనం దగ్గర డిపాజిట్లు పట్టి, రెట్టింపు ఇస్తామని చెప్పి, కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్లకు కట్టిన కంపెనీలు. వాటిలో పాట లేదు, ఇరవై మంది ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమూ లేదు. చీటీ అనేది ఇరవై మంది తమ డబ్బును తామే వంతుల వారీగా వాడుకునే ఏర్పాటు. నెలనెలా పాటలో ఎక్కువ తగ్గించి పాడినవారు ఆ నెల సొమ్ము ఎత్తుతారు, ఆ తగ్గింపులో నడిపేవారి కమిషన్ పోగా మిగిలింది అందరి వాయిదాల్లోనూ తగ్గుతుంది. నేను పద్నాలుగేళ్లుగా మా వీధిలో చీటీ నడుపుతున్నాను, ఇప్పటివరకు ఒక్కరి సొమ్ము పోలేదు. మొన్న ముగిసిన లక్ష చీటీలో ఆఖరున ఎత్తినామె తగ్గింపులన్నీ పోను ఇరవై నెలల్లో కట్టింది 84,600, నా కమిషన్ నూటికి ఐదు పోగా తీసుకున్నది 95,000. తమరి ఆర్‌డీలో ఇంత వస్తుందేమో లెక్కవేసి చెప్పండి.

రైలుబండి (రాత్రి 9:55)
పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నాను.

లెక్కల మాస్టారు, జయపురం (రాత్రి 10:20)
వేశాను. అదే సొమ్మును నెలకు 4,230 చొప్పున ఇరవై నెలలు 6.7 శాతానికి కడితే వడ్డీ సుమారు 5,000 వస్తుంది. మీ చీటీలో 10,400 వచ్చింది. రెట్టింపే, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ 10,400 ఆకాశం నుంచి రాలిపడలేదు, తొందర పడి ముందు ఎత్తినవాడి జేబులోంచి వచ్చింది. ఇక మాటల తేడా గురించి. చట్టం పేరే చిట్ ఫండ్స్ చట్టం, 1982. దాని ప్రకారం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపకూడదు. నడిపేవారు చీటీ మొత్తానికి సమానమైన సొమ్మును రిజిస్ట్రార్ పేరున బ్యాంకులో వేయాలి, లేదా చట్టం ఒప్పుకున్న మరో పూచీ చూపాలి. మీది రిజిస్టరైన చీటీయేనా?

బరంపురం బాబు (రాత్రి 10:31)
ఒక చిన్న సవరణ, మాస్టారూ. పోస్టాఫీసు ఆర్‌డీని ఇరవై నెలలకు వేయడం కుదరదు. అది ఐదేళ్లది, మూడేళ్ల లోపు మూయనివ్వరు, ఆ తరువాత మధ్యలో మూస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీయే లెక్కకట్టి ఇస్తారు. ఇరవై నెలల లెక్క కావాలంటే బ్యాంకు ఆర్‌డీ చెప్పాలి. బ్యాంకులో అయితే 2020 ఫిబ్రవరి నుంచి ఐదు లక్షల వరకు డిపాజిట్ బీమా కూడా ఉంది.

లెక్కల మాస్టారు, జయపురం (రాత్రి 10:34)
నేను పోలిక కోసం చెప్పాను. పోలికలో తప్పు లేదు.

బరంపురం బాబు (రాత్రి 10:36)
పోలికలో తప్పు లేదు, ఆర్‌డీలో ఉంది.

వంశధార, పర్లాకిమిడి (రాత్రి 11:05)
నాది రిజిస్టరైనది కాదు, దాచవలసిన అవసరం నాకు లేదు. చట్టం గురించే మాట్లాడదలిస్తే పూర్తిగా మాట్లాడండి. మీరు చెప్పిన ఆ మోసపు వ్యాపారాలకు 1978లోనే ప్రైజు చిట్ల నిషేధ చట్టం వేరేగా ఉంది. జనం రెండింటినీ కలిపి చూస్తున్నారనే 2019 సవరణలో చీటీకి ఫ్రాటర్నిటీ ఫండ్ అనే పేరు కూడా చేర్చారు, నడిపేవారి కమిషన్‌ను ఐదు నుంచి ఏడు శాతానికి పెంచారు. నేను ఇప్పటికీ ఐదే తీసుకుంటున్నాను. ఇక ముందు ఎత్తినవాడు మోసపోయినట్టు రాశారు కదా, మా చీటీలో మూడో నెల ఎత్తినతను 25,000 తగ్గించి పాడి 75,000 తీసుకున్నాడు. ఆసుపత్రి ఖర్చు అది. ఆ వారంలోనే నేను మా ఊళ్లో ఒక బ్యాంకుకు అతనితో వెళ్లాను. జీతం చీటీ లేదు, పొలం పట్టా తాత పేరున ఉంది, కాబట్టి అప్పు లేదన్నారు. బయట నూటికి ఐదు రూపాయల వడ్డీ. మీ ఆర్‌డీ అతనికి ఏం చేస్తుంది?

కొరాపుట్ కాఫీ (రాత్రి 11:12)
ఇంత చర్చలో ఎస్‌ఐపీ మాట, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండులో కొంత వేసే పద్ధతి మాట, ఎవరూ ఎత్తలేదు. నెలకు 500తో మొదలుపెట్టవచ్చు.

బరంపురం బాబు (రాత్రి 11:14)
రెండేళ్లలో అవసరమయ్యే డబ్బును షేర్ల ఫండులో పెట్టించకండి. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,900 పాయింట్లకు పైగా పడింది. ఆ వారం ఎవరికైనా ఆసుపత్రి పడి ఉంటే?

లెక్కల మాస్టారు, జయపురం (ఉదయం 6:10)
రాత్రంతా ఆలోచించాను. మూడో నెల ఎత్తినతని లెక్క వేస్తాను, అందరూ చూడండి. అతను అప్పటికి కట్టిన వాయిదాలు 5,000, 3,850, 4,000, మొత్తం 12,850. అది తీసేస్తే అతనికి నిజంగా అందిన అప్పు 62,150. ఆ తరువాత పదిహేడు నెలల్లో కట్టింది 71,750. ఏడాదికి సుమారు 20 శాతం వడ్డీ పడింది. ఆఖరున ఎత్తినవారిని చూపి కుర్రాళ్లను పిలవడం, ముందు ఎత్తినవారి వడ్డీని దయ అనడం, మధ్యలో లక్షకు నెలనెలా ఐదు వేలు కమిషన్ తీసుకోవడం. ఇంతకంటే తేలికైన వ్యాపారం నాకు తెలియదు.

వంశధార, పర్లాకిమిడి (ఉదయం 7:25)
తేలిక అన్నారా? 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా చీటీలో ఎత్తేసినవాళ్లు ఇద్దరు, ఒక టిఫిను బండి ఆయన, ఒక దర్జీ, నాలుగు నెలలు వాయిదా కట్టలేకపోయారు. మిగతా పద్దెనిమిది మందికి ఆ మాట తెలియనివ్వకుండా నా చేతి గాజులు కుదువ పెట్టి పాట జరిపించాను. తరువాత ఇద్దరూ కట్టారు, ఒకరు ఏడాదికి, ఒకరు రెండేళ్లకు. ఆ ఐదు వేలు దేనికి తీసుకుంటున్నానో ఇప్పుడైనా అర్థమైందా?

లెక్కల మాస్టారు, జయపురం (ఉదయం 7:40)
బాగా అర్థమైంది. ఇరవై మంది సొమ్ముకు మీ గాజులే పూచీ అని మీరే రాశారు. నేను రాత్రి నుంచి అంటున్నది అదే.

రైలుబండి (ఉదయం 7:44)
మాస్టారూ, అది కాస్త ఎక్కువైంది.

వంశధార, పర్లాకిమిడి (ఉదయం 8:02)
ఉండనివ్వండి బాబూ. నాకు ఒక్క సంగతి చెప్పండి, మాస్టారూ. 2013లో మీ సొమ్ము ఎంత పోయింది? చీటీ అనగానే ఇంత కోపం వచ్చే మనిషికి అది పేపర్లో చదివిన వార్త అయి ఉండదు.

లెక్కల మాస్టారు, జయపురం (ఉదయం 8:50)
1,80,000. అయితే నేను పెట్టలేదు. నేను మల్కనగిరి వైపు పనిచేస్తూ నెలనెలా ఇంటికి పంపిన డబ్బును, నన్ను ఒక్క మాట అడగకుండా, నాన్నగారు ఒక కంపెనీ ఏజెంటు చేతిలో పెట్టారు. ఏజెంటు మాకు చుట్టమే. కంపెనీ మూతపడ్డాక కూడా ఏడాది పాటు నాకు చెప్పలేదు. ఆ కుర్రాడి ఉత్తరంలో నాకు మొదట కనిపించింది వడ్డీ శాతం కాదు, అమ్మకు ఏదో ఒక మాట చెప్పాలి అన్న వాక్యం. వాడి జీతం మీద నిర్ణయం ఎవరిది?

వంశధార, పర్లాకిమిడి (ఉదయం 9:20)
ఇదీ అసలు సంగతి. ఈ మాట రాత్రే అని ఉంటే నేను చట్టాలు తిరగేసేదాన్ని కాదు. మీ నాన్నగారు చేసింది తప్పే. కాని మరోవైపు కూడా చూడండి. మా అబ్బాయి బెంగళూరులో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు. వాడి జీతం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే అంతా ఫండ్లలో ఉందంటాడు. వాడి చదువుకు నేను నాలుగు చీటీలు ఎత్తాను. వీధిలో చీటీ కట్టే పిల్లవాడి డబ్బు ఎక్కడుందో పదిమందికి తెలుస్తుంది, మీకు అది సంకెలలా కనిపిస్తుంది. నాకు అలా కనిపించదు.

లెక్కల మాస్టారు, జయపురం (ఉదయం 9:31)
పదిమందికి తెలిసిన డబ్బు మీద పదిమంది చేతులూ పడతాయి. 23 ఏళ్లవాడికి ఎవరికీ చెప్పనవసరం లేని పదివేలు ఉండాలంటాను.

వంశధార, పర్లాకిమిడి (ఉదయం 9:34)
తల్లికి కూడానా?

లెక్కల మాస్టారు, జయపురం (ఉదయం 9:35)
తల్లికి కూడా.

నిర్వాహకుడు (ఉదయం 9:40)
అడిగిన కుర్రాడు రాత్రి నుంచి కనిపించలేదు. దయచేసి అతను వచ్చేదాకా ఆగండి.

గుణుపురం కుర్రాడు (రాత్రి 9:05)
మీ అందరి మాటలూ డ్యూటీలో దాచుకుని చదివాను. మొదట ఒక విషయం రాయలేదు, క్షమించండి. అమ్మ నన్ను చేరమన్నది ఆఖరున ఎత్తడానికి కాదు. రెండో నెలో మూడో నెలో నా పేరున పాడాలని ముందే ఆవిడతో మాట్లాడుకుంది. ఎందుకో చెప్పలేదు. మాస్టారి ఉత్తరం చదివాక నాకు కోపం వచ్చింది, సాయంత్రం ఫోను చేసి గట్టిగానే అడిగాను. అక్క పెళ్లికి తెచ్చిన అప్పు ఇంకా 62,000 ఉందట. నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకు 1,860, మూడేళ్లుగా అమ్మ కుట్టుపని డబ్బుతో కడుతోందట. అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. నాకు చెప్తే చదువు మానేస్తానని చెప్పలేదట.

రైలుబండి (రాత్రి 9:11)
ఇది చీటీ ప్రశ్న కాదు కదా, అప్పు ప్రశ్న.

బరంపురం బాబు (రాత్రి 9:20)
నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. మీ చేతిలో జీతం చీటీ ఉంది కాబట్టి ముందు మీ జీతం పడే బ్యాంకులో వ్యక్తిగత రుణం అడిగి చూడండి. ఆరు నెలల ఉద్యోగానికి ఇవ్వకపోవచ్చు, అడగడంలో నష్టం లేదు.

లెక్కల మాస్టారు, జయపురం (రాత్రి 10:02)
నాయనా, నా లెక్క నాకే ఎదురు తిరిగింది, అయినా రాస్తున్నాను. బ్యాంకు ఇవ్వకపోతే, మూడో నెలలో 75,000కు ఎత్తగలిగితే, 62,000 అప్పు ఆ రోజే తీరి 13,000 మిగులుతుంది. ఆ తరువాత మీరు కట్టే వాయిదాలకు ఏడాదికి 20 శాతం పడితే, ఇప్పుడు మీ అమ్మగారు కడుతున్నది 36. నెలనెలా 1,860 ఆగిపోతుంది. కాబట్టి ఈ ఒక్క పనికి ఆర్‌డీ పనికిరాదు. మిగిలిన 13,000 మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకుండా మీ ఖాతాలో ఉంచండి, ఉద్యోగం పోతే మూడు వాయిదాలైనా దానితో కట్టవచ్చు. పుస్తకంలో మీ పేరు, ప్రతి వాయిదాకు ఆవిడ సంతకం, పాట మొత్తం, తేదీ ఉండాలి. అప్పు ఇచ్చినాయన దగ్గర ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోకుండా డబ్బు ఇవ్వవద్దు. నూటికి మూడు వసూలు చేసిన మనిషి నోటు మరిచిపోయానని అనగలడు.

వంశధార, పర్లాకిమిడి (రాత్రి 10:15)
మాస్టారు రాసినదంతా చెయ్యి బాబూ. నోటు సంగతి నాకు కూడా తట్టలేదు. ఇంకొకటి. ముందు ఎత్తేవాళ్ల దగ్గర నేను ఇద్దరి జామీను లేనిదే డబ్బు ఇవ్వను. మీ పిన్ని అడగకపోతే ఆ చీటీలో చేరవద్దు, ఎందుకంటే మిగతా పందొమ్మిది మందినీ అడగలేదనే అర్థం.

గుణుపురం కుర్రాడు (రాత్రి 10:22)
పిన్ని అడిగింది, వంశధార గారూ. ఒక సంతకం అమ్మది. రెండోది అక్క పెట్టాలని అమ్మ అంటోంది. అక్కకు ఈ అప్పు ఉందన్న సంగతే తెలియదు.

లెక్కల మాస్టారు, జయపురం (రాత్రి 10:24)
అక్కగారికి అమ్మ చెప్పకూడదు. మీరు చెప్పండి.

వంశధార, పర్లాకిమిడి (రాత్రి 10:25)
అమ్మే చెప్పాలి.