అబిస్కో నుంచి నిక్కలూక్తా వరకు తక్కువ ఖర్చుతో గుడారం ప్రయాణం: సందేహం

ప్రశ్న: అందరికీ నమస్కారం. నేను ఉప్సలాలో చదువుకుంటున్నాను. సెప్టెంబరు మొదటి వారంలో స్నేహితుడితో కలిసి, స్వీడన్ ఉత్తరాన ఆర్కిటిక్ వలయం దాటి ఉన్న అబిస్కోలో బయలుదేరి, కుంగ్స్‌లేడెన్ కాలిబాట మీదుగా నిక్కలూక్తా వరకు సుమారు 105 కిలోమీటర్లు నడవాలనుకుంటున్నాను. దారిలోని పర్వత విడిదుల్లో రాత్రి బసకు అయ్యే ఖర్చు మా స్తోమతకు మించినది కాబట్టి గుడారంలోనే పడుకోవాలి. ఎక్కడైనా వేసుకోవచ్చా? ఉన్న కాస్త డబ్బు దేని మీద పెట్టాలి?

సమాధానం: స్వీడన్‌లో అలెమాన్స్‌రెట్టెన్ అనే ప్రజాహక్కు ప్రకారం ఇళ్లకు, పొలాలకు దూరంగా ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రుసుమూ లేదు. అయితే మీ మొదటి రోజు నడక చాలావరకు అబిస్కో జాతీయ ఉద్యానవనంలోనే సాగుతుంది, అక్కడ కేటాయించిన చోట్ల మాత్రమే గుడారం వేయాలి.

ఇక డబ్బు సంగతి. చాలామంది ఖరీదైన గుడారం కొని, పరుపు దగ్గర పొదుపు చేస్తారు. నా దృష్టిలో అది తలకిందుల లెక్క. సెప్టెంబరులో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోవచ్చు, ఒంట్లోని వేడిని ఎక్కువగా లాగేసేది కింది నేలే, ఎందుకంటే స్లీపింగ్ బ్యాగులో కూరిన మెత్తటి సరుకు మీ బరువుకు అణిగిపోయి అడుగున పనిచేయడం మానేస్తుంది. అందుకే పరుపు మీద రాసి ఉండే ఆర్-విలువ (నేల చలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 4 లేదా అంతకు మించి ఉండేలా చూసుకోండి. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు 'ఎక్స్‌ట్రీమ్' అని ఉన్న ఉష్ణోగ్రత అంకెను పట్టించుకోకండి, అది ప్రాణం నిలబెట్టుకునే హద్దే గాని నిద్రపోయే హద్దు కాదు. 'కంఫర్ట్' అని ఉన్న అంకెనే చూడండి. గుడారం అద్దెకైనా, అరువుకైనా సరిపోతుంది గాని, గాలికి తట్టుకునే మేకులూ తాళ్లూ మాత్రం విడిగా కొనండి. దారిలో అన్నిటికంటే ఎత్తైన చెక్త్యా కనుమ 1,150 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ చెట్టనేది లేదు, గాలికి అడ్డూ లేదు.

ప్రశ్న: ధన్యవాదాలు అన్నగారూ. పొయ్యి విషయం కూడా చెప్పండి.

సమాధానం: గ్యాస్ డబ్బాను విమానంలో తీసుకెళ్లనివ్వరు, రైల్లో అబిస్కోకు ముందు వచ్చే కిరునా పట్టణం దాకా వచ్చి అక్కడ కొనుక్కోవడం మేలు. వట్టి బ్యూటేన్ సున్నాకు దగ్గర్లోనే ఆవిరి కావడం మానేస్తుంది గనుక, ప్రొపేన్ కలిసిన చలికాలపు డబ్బా తీసుకోండి. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లవారుజామున మంట నీరసించదు. గుడారం లోపల మాత్రం వెలిగించకండి, నిప్పుకంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం.

మరొకరి సమాధానం: తిండికి వేడినీళ్లు చాలు. ఇంటి దగ్గరే పోపు వేయించి కలిపిన అటుకులను ఒక్కో పూటకు ఒక్కో పొట్లంగా కట్టుకుంటే, నీళ్లు మరిగించి పోసి మూత పెట్టడమే పని, గ్యాసూ మిగులుతుంది. నెయ్యి మరవకండి, చలిలో బరువుకు తగ్గ శక్తినిచ్చేది అదే. (బియ్యం మోసుకెళ్లి ఉడికించేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది.) దారి పొడవునా చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి, మీరు ఏ రోజున ఎక్కడ ఉంటారో రాసి ఊళ్లో ఉన్న ఒకరికి ఇచ్చి, చేరగానే చెప్పే ఏర్పాటు చేసుకోండి. నిక్కలూక్తా నుంచి కిరునాకు బస్సు ఉంది గాని, శరదృతువు ముదిరే కొద్దీ రాకపోకలు తగ్గుతాయి గనుక, తేదీ ఖాయం చేసుకునే ముందే వేళలు చూసుకోండి.