కొత్త ఇంటికి 40 వేల బీటీయూల ఫర్నేస్ సరిపోతుందా, 80 వేలదే కావాలా?

చలిమిడి: మిన్నియాపోలిస్ శివార్లలో ఇల్లు కట్టిస్తున్నాం. 2,400 చదరపు అడుగులు, కింద బేస్‌మెంట్. గోడల ఇన్సులేషన్ ఆర్-20, అటకది ఆర్-49 (అంకె పెద్దదైన కొద్దీ వేడి తక్కువ పోతుంది). ఇంటికి ఎంత వేడి కావాలో చెప్పే మాన్యువల్ జె లెక్క వేయిస్తే, బయట మైనస్ 11 ఫారెన్‌హీట్, లోపల 70 ఉన్నప్పుడు గంటకు 30,300 బీటీయూల (వేడి కొలత) వేడి కావాలని వచ్చింది. బిల్డర్ మాత్రం 80 వేల బీటీయూల ఫర్నేస్ (ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ మిషన్) రాసిచ్చాడు. ఏది పెట్టించమంటారు?

పల్నాటి కారం: 80 వేలదే. మైనస్ 11 ఎవరు చెప్పారండీ? 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28. ఆ రాత్రి లెక్కల కాగితం కప్పుకుని పడుకుంటారా?

తూకంరాయి: ఆ మైనస్ 11 లెక్కకు వాడే డిజైన్ టెంపరేచర్. అంటే అన్నిటికన్నా చల్లని రోజు కాదండీ. ఏడాదిలో 99 శాతం గంటలు అంతకంటే వెచ్చగానే ఉంటాయి. సరే, మీ మైనస్ 28కే వేద్దాం. 81 డిగ్రీల తేడాకు 30,300 అంటే డిగ్రీకి 374. తేడా 98 అయితే దాదాపు 36,650. 96 శాతం ఎఫిషియెన్సీ ఉన్న ఫర్నేస్ 40 వేల బీటీయూల గ్యాస్ కాల్చి 38,400 వేడి ఇస్తుంది. ఇంకా మిగిలింది. అదే 80 వేలదైతే కాసేపు తిరిగి ఆగిపోతుంది. థర్మోస్టాట్ ఉన్న హాలు వేడెక్కుతుంది, మూల గది వేడెక్కేలోపే మిషన్ ఆగుతుంది.

డులూత్ బావ: మాది 60 వేలది. ఏ గొడవా లేదు.

పల్నాటి కారం: మూల గది గురించి నాకు చెప్తున్నారా? మా గ్యారేజీ పైగదిలో మా అమ్మ రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్‌తో పడుకుంది. ఆర్నెల్లు ఉందామని గుంటూరు నుంచి వచ్చి, రెండో నెలకే టికెట్ మార్పించుకుంది. మాదీ లెక్క వేసి పెట్టిన చిన్న ఫర్నేసే!

డులూత్ బావ: మిగతా ఇల్లు వెచ్చగానే ఉండేదా అన్నా?

పల్నాటి కారం: ఉండేది. అయితే?

తూకంరాయి: అయితే ఫర్నేస్ సరిపోయినట్టేగా. తప్పు ఆ గదిది. మైనస్ 28 అంటూ పొద్దుటి నుంచి నన్ను తిప్పుతున్నారు మీరు.

పల్నాటి కారం: తప్పు ఎక్కడుందో నాకు తెలుసు సార్. గ్యారేజీ సీలింగ్ కోయించి చూశా. రెండు జాయిస్టుల (దూలాల) మధ్య ఇన్సులేషన్ ఏమీ లేదు, ఉత్త ఖాళీ. కాగితం మీద మాత్రం ఆర్-30, కింద సంతకం. మీ 374 కూడా కాగితం మీదదే కదా. నాకు లెక్క మీద కోపం లేదు. కట్టేవాణ్ని నమ్మను. అందుకే పెద్దది అంటున్నా.

తూకంరాయి: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు. కానీ ఆ ఖాళీ ఉన్నంతకాలం ఎంత పెద్దది పెట్టినా అమ్మగారి గది అంతే, పెరిగేది గ్యాస్ బిల్లే. చలిమిడి గారూ, డ్రైవాల్ (లోపలి గోడ పలకలు) వేయకముందే ప్రతి గోడా ఫొటో తీయండి. బ్లోయర్ డోర్ టెస్ట్ (ఫ్యాన్ పెట్టి ఇంట్లో గాలి లీకులు కొలిచే పరీక్ష) దగ్గరుండి చూడండి. మిన్నెసోటా కోడ్ ప్రకారం ఆ టెస్ట్‌లో 50 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర గంటకు 3 సార్లకు మించి ఇంట్లో గాలి మారకూడదు.

చలిమిడి: డ్రైవాల్ సోమవారం మొదలు. ఇందాకే సైటుకు వెళ్లొచ్చా. బేస్‌మెంట్‌లో రిమ్ జాయిస్ట్ (పునాది గోడ మీది అంచు దూలం) దగ్గర వేలు పెడితే చల్లగాలి కొట్టింది.

పల్నాటి కారం: చెప్పానా!

తూకంరాయి: ముందు అక్కడ ఫోమ్ కొట్టించండి. ఆ తర్వాత 40 వేలది.

పల్నాటి కారం: 60 వేలదైనా పెట్టించండమ్మా.